పగలు స్టూడియో సెషన్లు, రాత్రి జాజ్: గిటారిస్టుగా ఈ రెండింటి మీద బతకడం కుదురుతుందా?

మీ ప్రశ్న సారాంశం ఇది: ఎనిమిదేళ్లుగా గిటార్ వాయిస్తున్నారు. జాజ్ స్టాండర్డ్స్ (జాజ్ వాళ్లంతా వాయించే పేరున్న పాటలు) ఓ ముప్పై కంఠతా వచ్చు, సోలో ధైర్యంగా తీసుకుంటారు, నొటేషన్ మాత్రం తడుముకుంటూ చదువుతారు. సెషన్లు (ఇతరుల రికార్డింగులకు డబ్బు తీసుకుని వాయించే పని) వాయించి సంపాదించుకుంటూ జాజ్ కొనసాగించాలని ఉంది. అది అయ్యే పనేనా? అయితే ఏం నేర్చుకోవాలి, ఏ గిటార్లు ఉండాలి, డబ్బు సంగతి ఎలా మాట్లాడుకోవాలి?

అయ్యే పనే. కాకపోతే మీరు మొదట పట్టించుకోవాల్సింది సోలో కాదు. సెషన్‌లో మీకు పని తెచ్చేది జాజ్ వల్ల వచ్చిన చెవి. ఆ పని పోగొట్టేది జాజ్ వల్ల చేతులకు పట్టిన, ఖాళీ కనబడితే నింపేసే అలవాటు. సెషన్‌కి పిలిచేవాళ్లకు కావలసింది పాటకు ఏ భాగం సరిపోతుందో తొందరగా కనిపెట్టి, టైమ్ చెదరకుండా, రికార్డింగ్‌కి పనికొచ్చే శబ్దంతో రెండు మూడు టేకుల్లో (రికార్డింగ్ ప్రయత్నాల్లో) ఇచ్చేసే మనిషి. మీ సోలో వాళ్లు ఎప్పుడైనా అడగొచ్చు, ఏళ్ల తరబడి అడగకపోనూవచ్చు.

ఈ రెండు పనులూ ఒకే చేతి మీద నడవడం కొత్తేమీ కాదు. 1920ల్లో ఎడ్డీ లాంగ్ జో వెనూటీ వయొలిన్‌తో జాజ్ రికార్డులు చేశాడు, లానీ జాన్సన్‌తో కలిసి బ్లూస్ జోడీ గిటార్ వాయించాడు, బింగ్ క్రాస్బీ పాటకు తోడు నిలిచాడు. 1933లో ముప్పై ఏళ్లకే చనిపోయాడుగానీ ఆ పాటికే సెషన్ గిటారిస్ట్ అంటే ఎలా ఉండాలో చూపించాడు. ఆ తర్వాత లాస్ ఏంజెలెస్‌లో బార్నీ కెసెల్, హోవర్డ్ రాబర్ట్స్, టామీ టెడెస్కో పగలంతా సినిమాలకూ, టీవీకీ, పాప్ రికార్డులకూ వాయించి రాత్రి క్లబ్బుల్లో జాజ్ వాయించారు. అక్కడి బేక్డ్ పొటాటో క్లబ్బును 1970లో తెరిచింది డాన్ రాండీ అనే సెషన్ పియానిస్టే. లారీ కార్ల్‌టన్, లీ రిటెనార్ లాంటివాళ్లు సెషన్లు చేస్తూనే అక్కడ తమ సొంత సంగీతం వాయించుకున్నారు. వీళ్లందరిలోనూ కనబడే గుణం ఒకటే. పగలు వాయించినప్పుడు వాళ్ల చేయి గుర్తుపట్టడం కష్టం, రాత్రి వాయించినప్పుడు గుర్తుపట్టకుండా ఉండటం కష్టం.

తక్కువ తీగలు వాయించడం నేర్చుకోండి

జాజ్ నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్ అనే మూడు కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) తీసుకోండి. ఒంటరిగా వాయించేటప్పుడు మీరు అయిదు తీగల మీద నిండు కార్డులు పడతారు. స్టూడియోలో బేస్, పియానో, స్ట్రింగ్స్ అన్నీ ఉన్నప్పుడు ఆ మూడు కార్డులకు రెండే తీగలు చాలు. డి తీగ 3వ ఫ్రెట్, జి తీగ 5వ ఫ్రెట్: ఎఫ్, సి. తర్వాత డి తీగ కదలకుండా జి తీగను 4వ ఫ్రెట్‌కి దించండి: ఎఫ్, బి. ఆ తర్వాత జి తీగ అక్కడే ఉంచి డి తీగను 2వ ఫ్రెట్‌కి దించండి: ఇ, బి. ప్రతి మార్పుకూ ఒక్క వేలే కదిలింది, అదీ ఒక్క ఫ్రెట్. రూట్‌ని (కార్డు మూల స్వరాన్ని) బేస్ చూసుకుంటుంది, అయిదో స్వరం లేకపోయినా ఎవరూ వెతకరు. కార్డు రంగు మొత్తం మూడో, ఏడో స్వరాల్లోనే ఉంటుంది. కౌంట్ బేసీ బృందంలో 1937 నుంచి 1987 దాకా రిథమ్ గిటార్ వాయించిన ఫ్రెడ్డీ గ్రీన్ రికార్డులు జాగ్రత్తగా వింటే, చాలాచోట్ల నిజంగా మోగేది డి తీగ మీది ఒక్క స్వరమే అనిపిస్తుంది. యాంప్లిఫయర్ లేని గిటార్‌తో ఆయన ఆ పెద్ద బృందాన్ని నడిపాడు.

నిండుగా వాయించాల్సిన చోట్లూ ఉంటాయి. 1955లో వచ్చిన జూలీ లండన్ తొలి ఆల్బమ్‌లో ఆమె గొంతు వెనక ఉన్నవి బార్నీ కెసెల్ గిటార్, రే లెదర్‌వుడ్ బేస్, అంతే. అక్కడ గిటారే పియానో పనీ చెయ్యాలి. కాబట్టి స్టూడియోలోకి అడుగు పెట్టగానే గదిలో ఇంకెవరెవరున్నారు, తర్వాత ఏమేం చేరబోతున్నాయి అని అడగండి. వాద్యాలు పెరిగేకొద్దీ మీ తీగలు తగ్గాలి.

రెండో ప్రమాదం మీరు అందం కోసం చేర్చే స్వరాలు. చార్టులో (పాట కార్డులు రాసిన కాగితంలో) ఉత్త సి అని ఉంటే చేయి దానంతట అదే సి మేజర్ సెవెన్ పడుతుంది. గాయని ఆ బార్‌లో (లయ కొలతలో ఒక గడిలో) పై సి మీద నిలబడిందనుకోండి, కింద మీ బి దానితో కొట్లాడుతుంది. పాడేవాళ్లకు తమ శ్రుతి తప్పిందేమోనన్న అనుమానం వస్తుంది, ఎవరికీ కారణం అంతుపట్టదు, టేకుల మీద టేకులు పోతాయి. బి బదులు ఎ వాయించి దాన్ని సి సిక్స్ చెయ్యండి (డి తీగ 2, జి తీగ 2), గొడవ తీరిపోతుంది. అలాగే జి సెవెన్ చూడగానే ఫ్లాట్ నైన్ చేర్చడం. స్ట్రింగ్స్ భాగంలో ఎ న్యాచురల్ రాసి ఉంటే మీ ఎ ఫ్లాట్ తప్పు స్వరంగానే వినబడుతుంది. రాసినదే వాయించండి. ఇంకేదైనా బాగుంటుందనిపిస్తే టేక్ అయ్యాక ఒక్క మాటలో అడగండి.

టైమ్

జాజ్‌లో బీట్‌కి కొంచెం వెనక కూర్చోవడం అందం. క్లిక్ ట్రాక్ (హెడ్‌ఫోన్లలో మోగే మెట్రోనోమ్) మీద సిక్స్‌టీన్త్ నోట్స్ (బీట్‌లో నాలుగో వంతు స్వరాలు) వాయించే రిథమ్ భాగంలో అదే అలవాటు పాటను ఈడుస్తుంది. లెక్క చూడండి: టెంపో 120 అయితే ఒక సిక్స్‌టీన్త్ 125 మిల్లీసెకన్లు. మీరు 30 మిల్లీసెకన్లు వెనకపడితే దాదాపు పావు సిక్స్‌టీన్త్ పోయినట్టే. వెనక కూర్చోవడం మీరు ఎంచుకుని చేసే పనై ఉండాలి. చేయి అలా పోతోంది కాబట్టి అలా వచ్చిందంటే కుదరదు.

సాధన ఇలా చెయ్యండి. తీగలన్నీ ఎడమచేత్తో మూసి, టెంపో 60లో కుడిచేయి ఆపకుండా సిక్స్‌టీన్త్‌లు కొట్టండి. క్లిక్ మొదట ప్రతి బీట్‌కీ, తర్వాత 2, 4 మీద, తర్వాత బార్‌కి ఒక్కటే, చివరికి రెండు బార్లకి ఒక్కటే. నాలుగు నిమిషాలు రికార్డ్ చేసి వేవ్‌ఫామ్ పెద్దది చేసి గ్రిడ్‌తో పోల్చండి. అంతా ఒకే పక్కకు జరిగి ఉంటే అది మీ తప్పు కాకపోవచ్చు, ఇంటర్‌ఫేస్ (గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) ఆలస్యం కావచ్చు. ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌ని కేబుల్‌తో దాని ఇన్‌పుట్‌కే కలిపి ఒక క్లిక్ పంపి రికార్డ్ చెయ్యండి, ఎంత జరిగిందో తేలిపోతుంది. ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు ఊగుతుంటే మాత్రం అది చేతిదే. ఎక్కువమంది తొందరపడేది ఫిల్ (మధ్యలో నింపే చిన్న ముక్క) వాయించి మళ్లీ రిథమ్‌లోకి వచ్చే మొదటి బీట్ దగ్గర. ముందు అక్కడ చూసుకోండి.

స్వరం ఎక్కడ ఆగుతుందో అది కూడా టైమే. స్నేర్ పడేలోపు కార్డు మూసెయ్యాలా, స్నేర్ మీదుగా సాగాలా అన్నది నిర్ణయించుకుని పాటంతా అలాగే వాయించండి. ఒక బార్‌లో మూసి, మరో బార్‌లో వదిలేస్తే మిక్సింగ్ చేసేవాళ్లకు ఏ ఉపకరణంతోనూ సరిచేసే వీలుండదు.

నొటేషన్

దీన్ని వాయిదా వెయ్యకండి. రోజుకు 20 నిమిషాలు, ప్రతిరోజూ కొత్త పేజీ, ఒకసారి వాయించింది మళ్లీ వద్దు. రెండోసారి వాయించేది సగం జ్ఞాపకమే అవుతుంది. గిటార్ పుస్తకాల కంటే క్లారినెట్ ఎటూడ్ (అభ్యాస ముక్కల) పుస్తకాలు ఎంతో మేలు, రెండు వాద్యాలకూ రాతలో అట్టడుగు స్వరం ఒకే ఇ కాబట్టి పేజీ మొత్తం గిటార్ మీద పడుతుంది. ముందు అయిదో పొజిషన్‌లోనే (చూపుడువేలు అయిదో ఫ్రెట్ దగ్గర పెట్టి) ఉండి చదవండి, ఓపెన్ తీగలు వద్దు. అది కుదిరాక రెండో పొజిషన్, ఏడో పొజిషన్. తప్పు వచ్చినా ఆగకూడదు. స్వరం పోతే పోనివ్వండి, బార్ పోకూడదు.

స్వరాల కంటే ముందు లయ చదవడం రావాలి. సెషన్ చార్టుల్లో మీకు ఎదురయ్యేది ఎక్కువగా కార్డు పేర్లు, స్లాష్‌లు, మధ్యమధ్య బృందమంతా కలిసి కొట్టాల్సిన లయ గుర్తులు. పేజీ చేతికి రాగానే అర నిమిషంలో చూడాల్సినవి: కీ, టైమ్ సిగ్నేచర్, రిపీట్లు ఎక్కడెక్కడ, సెన్యో గుర్తు (వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టే చోటు) ఎక్కడుంది, కోడాకి (ముగింపు భాగానికి) ఏ బార్ నుంచి దూకాలి, కీ మారే చోటు ఉందా, పేజీ తిప్పే చోట చేయి ఖాళీగా ఉంటుందా. దూకాల్సిన చోట్ల పెన్సిల్‌తో పెద్ద గుర్తు పెట్టుకోండి.

చాలామందికి తెలియకుండా టేక్ పాడయ్యేది ఒకటుంది. గిటార్ సంగీతాన్ని మోగే స్థాయికి ఒక ఆక్టేవ్ పైన రాస్తారు. పియానో దగ్గర కూర్చుని అరేంజ్ చేసేవాళ్లు ఇది మరిచిపోయి మోగాల్సిన చోటే రాసేస్తుంటారు. ఒంటరి మెలొడీ లైన్ ఏదైనా కనబడితే "ఇది రాసినచోటేనా, ఒక ఆక్టేవ్ పైనా?" అని టేక్‌కి ముందే అడగండి.

కంట్రీ, పాప్ సెషన్లలో నంబర్ చార్టులు కూడా వస్తాయి. 1950ల చివర్లో నాష్‌విల్‌లో జోర్డనైర్స్ గాయక బృందానికి చెందిన నీల్ మాథ్యూస్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. 1, 6 మైనర్, 2 మైనర్, 5 అని ఉంటే ఇ ఫ్లాట్‌లో అది ఇ ఫ్లాట్, సి మైనర్, ఎఫ్ మైనర్, బి ఫ్లాట్. గాయకుడు ఒక టోన్ దించమంటే చార్టు మారదు, మీ తలలో కీ మారుతుంది. మీకు వచ్చిన ముప్పై స్టాండర్డ్స్‌నీ ఇలా అంకెల్లో రాసుకుని రోజుకొకటి కొత్త కీలో వాయించండి. మీరు ఇప్పటిదాకా చేసిన జాజ్ సాధన ఇక్కడ తిన్నగా అక్కరకొస్తుంది.

స్టూడియో గదిలో

అమెరికా, బ్రిటన్ సంగీతకారుల సంఘాల ఒప్పందాల్లో సెషన్ అంటే మామూలుగా మూడు గంటలు. సంఘం లేని చోట్ల కూడా ఎక్కువగా ఈ కొలతే నడుస్తుంది. మొదలయ్యే సమయానికి మీరు ట్యూన్ చేసుకుని, శబ్దం సిద్ధం చేసుకుని కూర్చుని ఉండాలి. అంటే అరగంట, ముప్పావుగంట ముందే చేరాలి.

మొదటి టేక్ ఎప్పుడూ సురక్షితంగా, సాదాగా ఇవ్వండి. వాళ్లకు చేతిలో ఒకటి పడిందన్న నిశ్చింత వస్తుంది. రెండోదాన్ని కొంచెం మార్చి ఇవ్వండి. మూడోది వాళ్లు అడిగితేనే. మీకు నచ్చలేదని మరో టేక్ కోసం పట్టుపట్టకండి. తప్పు స్వరం పడి ఉంటే మాత్రం దాచకుండా "రెండో వెర్స్ మూడో బార్‌లో ఒక స్వరం తప్పింది, అక్కడ పంచ్ చేద్దాం (ఆ ముక్క ఒక్కటే మళ్లీ రికార్డ్ చేద్దాం)" అని చోటు చెప్పండి. అలా కచ్చితంగా చెప్పగలిగేవాళ్లను ఇంజనీర్లు గుర్తుపెట్టుకుంటారు.

నిర్మాతలు సంగీత పరిభాషలో మాట్లాడరు, మాట్లాడాల్సిన అవసరమూ లేదు. దాన్ని చేతిలోకి మార్చుకోవడం మీ పని. "వెచ్చగా కావాలి" అంటే ముందు టోన్ నాబ్ సగానికి దించి, పిక్‌ని నెక్ వైపు జరపండి, పెడల్ జోలికి తర్వాత వెళ్లొచ్చు. "గజిబిజిగా ఉంది" అంటే కింది రెండు తీగలు వదిలెయ్యండి. "ఊపు లేదు" అంటే చాలాసార్లు స్వరాల నిడివి ఎక్కువైందని అర్థం, కార్డుల్ని పొట్టిగా కత్తిరించి చూడండి. "ఇంకేదైనా" అన్నప్పుడు అదే భాగాన్ని మెడ మీద వేరేచోట, వేరే తీగల గుంపు మీద వాయించి చూపండి. స్వరాలు మార్చకుండానే కొత్తగా వినిపిస్తుంది.

గిటార్లు, ట్యూనింగ్

మొదట్లో నాలుగు చాలు: సింగిల్ కాయిల్ పికప్‌లతో బ్రిడ్జ్ దగ్గర హంబకర్ (హమ్ తగ్గించే రెండు కాయిళ్ల పికప్) ఉన్న సాలిడ్ బాడీ ఒకటి, సెమీ హాలో ఒకటి, స్టీల్ తీగల అకూస్టిక్ ఒకటి, నైలాన్ తీగలది ఒకటి. జాజ్ కోసం ఆర్చ్‌టాప్ కావాలంటే కొనుక్కోండి, స్టూడియోలో సెమీ హాలోకి ఫ్లాట్‌వౌండ్ తీగలు వేస్తే చాలా పనులు జరిగిపోతాయి. ఎలక్ట్రిక్‌కి 10–46, అకూస్టిక్‌కి 12–53 ఎక్కువ పనులకు సరిపోయే తీగల సైజులు (అంగుళంలో వెయ్యో వంతుల్లో).

ఇంకో చవకైన ఆయుధం హై స్ట్రంగ్ అకూస్టిక్. పన్నెండు తీగల సెట్‌లోని సన్నతీగల్ని కింది నాలుగింటికీ వేస్తారు: ఇ 27, ఎ 18, డి 12, జి 9, పై రెండూ మామూలుగా 14, 10. అంటే కింది నాలుగు తీగలూ ఒక ఆక్టేవ్ పైన మోగుతాయి. మామూలు అకూస్టిక్ ట్రాక్‌కి పక్కన దీన్ని వేస్తే మెరుపు వస్తుంది, బేస్‌కి అడ్డం రాదు.

ఇంకా ఎన్నెన్నో వాద్యాలు నేర్చుకోవాలని కంగారు పడకండి. టెడెస్కో తన చేతికి వచ్చిన మాండొలిన్, బూజూకీ లాంటివాటిని గిటార్ పద్ధతిలో ట్యూన్ చేసుకుని వాయించేవాడు. టెనర్ బాంజోని డి, జి, బి, ఇ అని ట్యూన్ చేస్తే గిటార్ పై నాలుగు తీగలే. థియేటర్ ఆర్కెస్ట్రాల్లో గిటార్ పుస్తకం చేతికిచ్చి బాంజో, యూకలేలీ కూడా వాయించమంటారు, అక్కడ ఇది కాపాడుతుంది.

ట్యూనింగ్‌లో ట్యూనర్ పచ్చగా వెలిగితే సరిపోదు. 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్‌నీ, నొక్కిన స్వరాన్నీ పోల్చండి. నొక్కింది పైకి పోతే సాడిల్‌ని వెనక్కి జరపాలి, కిందికి పోతే ముందుకు. తర్వాత ఆ పాటలో మీరు వాయించబోయే చోట, వాయించబోయే ఒత్తిడితో మళ్లీ చూసుకోండి. జి తీగను గట్టిగా నొక్కితే శ్రుతి పైకి పోతుంది, ఇ మేజర్ ఓపెన్ కార్డులో మొదట బయటపడేది అదే. గదిలో పియానో ఉంటే దాని ఎ స్వరం ఎంతకు ఉందో అడగండి, అన్నిచోట్లా 440 హెర్ట్జ్ ఉండదు. కొత్త తీగలు ముందురోజే వేసి బాగా సాగదీయండి.

అకూస్టిక్ రికార్డ్ చేసేటప్పుడు మైకు సౌండ్‌హోల్ ముందు పెడితే కింది స్వరాల మోత తప్పదు. 12 నుంచి 14వ ఫ్రెట్ వైపు చూస్తూ 20–30 సెంటీమీటర్ల దూరం మొదలుపెట్టడానికి మంచి చోటు. వాచీ తీసెయ్యండి, గరగరలాడే బట్టలు వేసుకోకండి, కుర్చీ కిర్రుమంటే మార్చమనండి. ఎలక్ట్రిక్‌లో హమ్ వస్తే కూర్చున్నచోటే మెల్లగా తిరిగి చూడండి, సింగిల్ కాయిల్‌కి ఏదో ఒక దిక్కున హమ్ బాగా తగ్గుతుంది. గ్రౌండ్ లూప్ (రెండు ఎర్త్ దారుల వల్ల వచ్చే హమ్) అయితే డీఐ బాక్స్ (గిటార్‌ని నేరుగా రికార్డింగ్‌కి కలిపే పెట్టె) మీది గ్రౌండ్ లిఫ్ట్ వాడండి. యాంప్లిఫయర్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసెయ్యడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి, ప్రాణం మీదికి వస్తుంది.

ఇంటినుంచి పంపే ట్రాకులు

ఇప్పుడు కొత్తవాళ్లకు ఎక్కువగా దొరికే పని ఇదే, పేరు పాడయ్యేదీ ఇక్కడే. వాళ్ల ప్రాజెక్ట్ శాంపిల్ రేట్ ముందే అడగండి. 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డ్ చేసిన ఫైల్‌ని 44.1గా చదివితే శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమిటోన్ కిందికి పోయి, పాట నెమ్మదిస్తుంది. 24 బిట్ వేవ్ ఫైల్, మోనో, పాట సున్నా నుంచి చివరిదాకా ఒకే ముక్కగా పంపండి. మీరు వాయించింది 40వ బార్ నుంచే అయినా ఫైల్ మొదటినుంచే ఉండాలి. పీక్స్ మైనస్ 10, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉంటే చాలు, నార్మలైజ్ చెయ్యకండి. ఎఫెక్ట్ ఉన్నది ఒకటి, ఏ ఎఫెక్టూ లేని డీఐ (నేరుగా తీసిన గిటార్ శబ్దం) ఒకటి, రెండూ ఇవ్వండి.

గైడ్ ట్రాక్ ఎంపీత్రీగా పంపితే దాని మొదట్లో కొన్ని మిల్లీసెకన్ల నిశ్శబ్దం చేరి ఉండవచ్చు. దానికి సరిగ్గా వాయించినవన్నీ వాళ్ల ప్రాజెక్ట్‌లో ఆలస్యంగా పడతాయి. వేవ్ గైడ్ అడగండి, లేదా మొదటి బీట్ మీద ఒక క్లిక్ పెట్టి పంపమనండి. ఎడమకూ కుడికీ రెండు రిథమ్ ట్రాకులు కావాలంటే రెండుసార్లు వాయించండి. ఒకే టేక్‌ని కాపీ చేసి జరిపితే మోనోలో విన్నప్పుడు శబ్దం బోలుగా అయిపోతుంది. ఫైల్ పేరులో పాట, టెంపో, భాగం, టేక్ నంబర్ ఉండాలి.

డబ్బు

పని మొదలయ్యేముందు రాతపూర్వకంగా తేల్చుకోవాల్సినవి: లెక్క గంటలకా పాటకా, ఎన్ని పాటలు, సమయం మించితే ఎంత, రెండో వాద్యం వాయిస్తే అదనం ఉందా, మార్పులు ఎన్నిసార్లు ఉచితం, పేరు వేస్తారా, డబ్బు ఏ తేదీకి. తెలియనివాళ్లకు ఇంటినుంచి వాయిస్తుంటే సగం ముందు తీసుకోండి, మిగతా సగం అందాకే పూర్తి నాణ్యత ఫైళ్లు పంపండి. మార్పు అంటే వాళ్లు మొదట చెప్పినదానికి మీది దగ్గరగా లేకపోతే చేసేది. వాళ్లు అరేంజ్‌మెంటే మార్చుకుంటే అది కొత్త పని, అది కూడా ముందే రాసుకోండి.

ఒకేసారి డబ్బిచ్చి హక్కులన్నీ తీసుకునే బైఅవుట్ మామూలే. కానీ సంతకం పెట్టేముందు, ప్రసారం మీద వాద్యకారులకు వచ్చే పారితోషికాన్ని కూడా వదులుకుంటున్నారేమో చదవండి. 1961 నాటి రోమ్ ఒప్పందం నుంచి చాలా దేశాల్లో రికార్డు ప్రసారమైతే వాయించినవాళ్లకూ వాటా ఉంది. బ్రిటన్‌లో దాన్ని పీపీఎల్ అనే సంస్థ పంచుతుంది, వెనక వాయించినవాళ్లకు కూడా. అమెరికాలో మామూలు రేడియో ప్రసారానికి వాద్యకారులకు ఏమీ రాదుగానీ, డిజిటల్ రేడియో రాయల్టీలో 5 శాతాన్ని పేరు ముందుండని వాద్యకారులకూ గాయకులకూ చట్టమే కేటాయించింది. ఇవి అందాలంటే ఏ రికార్డులో ఏం వాయించారో రుజువుండాలి. తేదీ, పాట, కళాకారుడు, వాద్యం, ఐఎస్ఆర్‌సీ నంబర్ (ప్రతి రికార్డింగ్‌కీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) ప్రతి సెషన్ రాత్రే ఒక షీట్‌లో రాసుకోండి, ఏడాది తర్వాత ఎవరికీ గుర్తుండదు.

సెషన్లు ఒక్కదాని మీదే బతుకుతానని లెక్క వేసుకోకండి. సెషన్లు, ఇంటి ట్రాకులు, థియేటర్ ఆర్కెస్ట్రా, పాఠాలు, వేదికలు కలిస్తేనే నెల గడుస్తుంది. హోవర్డ్ రాబర్ట్స్ అంతటివాడు కూడా సెషన్లతో ఆగలేదు, 1977లో హాలీవుడ్‌లో గిటార్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ సహ వ్యవస్థాపకుడయ్యాడు.

జాజ్ వైపు, ఒళ్లు వైపు

జాజ్ గిగ్‌లకు ముప్పై పాటలు తక్కువ. ఎఫ్, బి ఫ్లాట్ బ్లూస్, మైనర్ బ్లూస్, బి ఫ్లాట్ రిథమ్ చేంజెస్ ('ఐ గాట్ రిథమ్' పాట కార్డుల వరస), రెండు మూడు బోసాలు (బ్రెజిల్ బాణీ పాటలు), వాల్ట్‌జులు, నెమ్మది బాలడ్లు చూడకుండా రావాలి. మెలొడీతో సహా రావాలి, కార్డులు మాత్రమే వచ్చినవాళ్లు డ్యూయోలో ఇరుక్కుంటారు. పియానో ఉన్న బృందంలో ఒకరి సోలోకి ఎవరు కార్డులు ఇస్తారో ముందే మాట్లాడుకోండి. ఇద్దరూ ఇస్తే సోలో వాయించేవాళ్లకు చోటుండదు. వారానికి ఒక్క రాత్రయినా జాజ్ వాయించే ఏర్పాటు చేసుకోండి. అది మానేస్తే ఏడాదిలో చెవి మొద్దుబారుతుంది, సెషన్‌లో మీ ప్రత్యేకతా అక్కడితో పోతుంది.

వినికిడి మీద శ్రద్ధ పెట్టండి. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు హద్దనీ, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుందనీ ఒక గుర్తింపు పొందిన లెక్క ఉంది. అంటే 94 దగ్గర గంటే. హెడ్‌ఫోన్లలో క్లిక్ ఎక్కువ పెట్టమని అడగడం తగ్గించి, మిగతావి దించమని అడగండి. సాధనలో అరగంటకోసారి అయిదు నిమిషాలు చేతులు వదలండి. మణికట్టు నొప్పి రెండు రోజులు ఉంటే వైద్యుణ్ణి కలవండి, దాని మీద సాధన చెయ్యకండి.

మొదటి పని ఎలా వస్తుంది

గిటారిస్టుల నుంచి వచ్చేది తక్కువ. డ్రమ్మర్లు, బేసిస్టులు, అరేంజర్లు, ఇంజనీర్లు చెప్తే వస్తుంది. మొదట వచ్చేది ఎవరికో బదులు వెళ్లే పనే. అలా వెళ్లినప్పుడు వాళ్లు వాయించినట్టే వాయించండి, మెరుగులు దిద్దకండి. అక్కడివాళ్లు నంబర్ అడిగితే మిమ్మల్ని పంపినవాళ్ల ద్వారా పిలవమనండి. పని అయ్యాక పంపినవాళ్లకు ఏం జరిగిందో ఒక కబురు పెట్టండి.

వినిపించడానికి మూడు ముక్కలు సిద్ధం చేసుకోండి, ఒక్కోటి నిమిషంలోపు: క్లిక్ మీద మూసిన తీగల ఫంక్ రిథమ్, గాయని వెనక నైలాన్ తీగల బాలడ్, రెండుసార్లు వాయించి ఎడమ కుడిగా పరిచిన అకూస్టిక్. మూడింటిలోనూ సోలో వద్దు. నొటేషన్ మీరు చెప్పినంత నెమ్మదైతే ఈ మూడూ బయటికి పంపే ముందు ఆరు నెలలు ఆ రోజువారీ 20 నిమిషాలు పెట్టండి. మొదటి పిలుపే చార్టు ఉన్న పని అయ్యి అక్కడ తడబడితే, అదే ఇంజనీర్ నుంచి రెండో పిలుపు రావడం చాలా కష్టం.